లీకు లేదని నేను రాసిన కాగితం

మార్చి 4, మంగళవారం

నేను చెయ్యని తప్పు నా నెత్తిన రాశారు. పంపు గదిలో మేకుకు వేలాడే రిజిస్టరులో, ఎర్ర సిరాతో, పేజీకి అడ్డంగా: "పూల్ అమ్మాయి నిర్లక్ష్యం. బ్యాక్‌వాష్ వాల్వ్ తెరిచి వదిలేసి పోయింది. వారానికి రెండు ట్యాంకర్ల నీళ్ళు వృథా."

వదల్లేదు.

ఫిల్టరు కడిగినప్పుడు మురికినీళ్ళు బయటికి పోవడానికి ఆ వాల్వ్ తిప్పుతాను. మూడు నిమిషాలు. పైపుకున్న గాజుబుడ్డిలో నీళ్ళు తేటపడగానే మూసేస్తాను. మూశాక పిడి మీద అరచేత్తో ఒకటి కొడతాను, అది నా అలవాటు. మూడేళ్ళుగా తొమ్మిది ఇళ్ళలో కొడుతున్నాను. ఏ ఇంట్లోనూ పోని నీళ్ళు ఎర్రపెన్ను సారు ఇంట్లోనే పోతాయా?

ఆ పేరు నేనే పెట్టాను. కొలనులో ఆకు కనిపిస్తే ఎర్రపెన్ను. నీళ్ళు నీలం టైలు గీత దిగితే ఎర్రపెన్ను. కరెంటు బిల్లు వస్తే ఎర్రపెన్ను. కట్టించినప్పుడు ఎవడో "నెలనెలా పెద్ద ఖర్చేం ఉండదు సార్" అన్నాడట. ఆ ముక్క అన్నవాణ్ణి పట్టుకోలేక నన్ను పట్టుకున్నాడు. పంపు రోజుకు ఎనిమిది గంటలు తిరగాలి. నెలకో డ్రమ్ము క్లోరిన్. యాసిడ్ వేరే. ఫిల్టరులో ఇసుక మార్చాలి. ఎండకు ఊడే టైళ్ళు అతికించాలి. ఆ కొలను తినే తిండి ఆ ఇంట్లో నలుగురూ కలిసి తినరు. కిందటేడాది మొత్తంలో వాళ్ళు నీళ్ళలోకి ఎన్నిసార్లు దిగారో నాకు తెలుసు. నాలుగుసార్లు. అందులో ఒకసారి ఫోన్ పడిపోతే తియ్యడానికి.

బాబాయ్‌కి ఫోన్ చేసి చెప్పాడు. బాబాయ్ మా నాన్న తమ్ముడు, ఈ తొమ్మిది ఇళ్ళ కాంట్రాక్టూ ఆయనదే. నేను వ్యాను ఎక్కకముందే మొదలుపెట్టాడు.

"మర్చిపోయుంటావు లేమ్మా. ఒప్పేసుకో, అయిపోతుంది."

"మర్చిపోలేదు."

"ఒప్పుకుంటే నీ సొమ్మేం పోయింది?"

"నీ పేరు రాస్తే ఒప్పుకునేవాడివా?"

"నా పేరు రాస్తే ఇల్లే చేజారుతుంది. నీ పేరు రాస్తే రిజిస్టరులో ఒక పేజీ. ఆ మాత్రం తెలీదా నీకు?"

శనివారంలోగా ఒప్పుకోకపోతే ఆ ఇంటికి ఇంకో మనిషిని పంపుతాడట. ఒప్పుకుంటే మాత్రం ఆ మాట మిగతా ఎనిమిది ఇళ్ళకూ పాకదా? ఆ వీధిలో డ్రైవర్లూ వాచ్‌మన్‌లూ అందరిదీ ఒకే నోరు.

ఒప్పుకోను.

మార్చి 5, బుధవారం

వాల్వ్ మూసే ఉంది. వచ్చేముందు మూడుసార్లు వెనక్కి వెళ్ళి చూశాను. నేనే దొంగనైనట్టు.

మార్చి 6, గురువారం

ఆ ఇల్లు ఏటవాలు నేల మీద ఉంది. పైన కొలను, కొలనుకు కింద గోడ, ఆ గోడకు ఆనుకుని వాచ్‌మన్ గది. గదికి వెనకగోడ అంటూ వేరే లేదు, కొలను గోడే వెనకగోడ. కట్టినవాడు ఒక గోడ మిగుల్చుకున్నాడు.

అక్క పిలిచి టీ ఇచ్చింది. వాచ్‌మన్ భార్య. నాకేం చుట్టం కాదు. మొదటిరోజే "చెల్లీ, దాహమేస్తోందా" అంది, అప్పట్నుంచి అక్క. ఆవిడ అక్క అయ్యాక ఆయన బావ కాక చస్తాడా. పాపకు ఏడో నెల. ఊయల ఆ వెనకగోడ పక్కనే కట్టింది, అక్కడైతే చల్లగా ఉంటుందని.

"నీ మీద రాశాడటగా?"

"నీకెవరు చెప్పారు?"

"ఇస్త్రీ అతను. అతనికి డ్రైవరు. డ్రైవరుకి సారే."

"నమ్మావా?"

"నేను నమ్మితే ఎంత, నమ్మకపోతే ఎంత? తాగు, చల్లారిపోతుంది. అయినా ఆ నోరు కాస్త తగ్గించుకుంటే నీకు ఇంకో పది ఇళ్ళొచ్చేవి చెల్లీ."

"నోరు లేకపోతే ఉన్నవీ పోయేవి."

నవ్వింది. ఆవిడ నవ్వితే పాపా నవ్వుతుంది, దేనికో తెలియకుండానే. గోడకు సున్నం ఉబ్బి పొడిపొడిగా రాలుతోంది. వాన పడి నాలుగు నెలలు. చెమ్మ ఎప్పట్నుంచని అడిగాను. "మేమొచ్చినప్పుడే ఉంది, ఈమధ్య కాస్త పెరిగింది" అంది. నా గొడవలో నేనున్నాను. టీ తాగి వచ్చేశాను.

మార్చి 7, శుక్రవారం

బకెట్ పెట్టాను.

ఇది నాకెవరూ నేర్పలేదు. ఎప్పుడో క్లోరిన్ డ్రమ్ములో వచ్చిన కాగితం వెనక ఉంటే కూడబలుక్కుని చదివాను. బకెట్లో కొలను నీళ్ళే నింపి, కొలను మొదటి మెట్టు మీద పెట్టాలి. బకెట్ లోపల నీళ్ళ అంచున ఒక గీత. బకెట్ బయట కొలను నీళ్ళ అంచున ఒక గీత. ఒక రోజంతా ఎవరూ ముట్టుకోకూడదు. ఎండ రెంటికీ ఒకటే, గాలి రెంటికీ ఒకటే. రెండూ సమానంగా దిగితే ఎండ తాగినట్టు. కొలను ఎక్కువ దిగితే ఎక్కడో చిల్లున్నట్టు. ఎండ తాగినా నా తప్పు కాదు, చిల్లున్నా నా తప్పు కాదు. అయినా సమానంగా దిగితేనే మంచిది. చిల్లంటే తవ్వాలి, తవ్వితే ఖర్చు, ఖర్చంటే సారు ఇంకెవరి మీదో రాస్తాడు, ఆ ఇంకెవరో మళ్ళీ నేనే.

బావకు చెప్పాను. "రేపు పది దాకా పైపు ముట్టుకోవద్దు. రెండూ సమానంగా దిగాయంటే నేను గట్టెక్కినట్టే."

"ముట్టుకోవడానికి నాకేం సరదానా? టైలు కనిపిస్తే సారు అరుస్తాడని పోస్తాం గానీ" అన్నాడు.

బకెట్లో రాయి వేసి వచ్చాను, గాలికి కదలకుండా.

మార్చి 8, శనివారం

గెలిచాను!

బకెట్లో వేలెడు, అంటే వేలి మందం, దిగింది. కొలనులోనూ వేలెడే దిగింది. నిజానికి కొలను నూలుపోగంత తక్కువే. ప్లాస్టిక్ కదా, వేడెక్కి బకెట్ ఎక్కువ తాగి ఉంటుంది.

సారు కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి మోకాళ్ళ మీద వంగి మరీ చూశాడు.

"ఇదెక్కడ నేర్చుకున్నావ్?"

"డ్రమ్ము కాగితంలో సార్."

"చదువుకున్నావా?"

"ఏడు దాకా బళ్ళో. మిగతాది డ్రమ్ముల మీద."

"మరి అన్ని ట్యాంకర్లు ఎందుకు పడుతున్నాయి?"

దానికీ నా దగ్గర జవాబుంది. రోజుకు వేలెడు చొప్పున వారానికి ఏడు వేళ్ళు, అది ఒక ట్యాంకరుకు సరి. రెండోది? ట్యాంకర్లవాళ్ళు సగం సగం నింపుకొచ్చి నిండుకు డబ్బు లాగుతున్నారు. అదే చెప్పాను. సారు తల ఊపాడు. నేను చెప్పింది విని ఒక పెద్దమనిషి తల ఊపడం ఇదే చూడటం.

"అయితే లీకు లేనట్టే?"

"లేదు సార్."

"అది రాసి సంతకం పెట్టు. తేదీ వెయ్యి. విడి కాగితం మీద ఇంకొకటి."

రెండు చోట్లా పెట్టాను. ఎర్ర రాత మీద ఆయనే అడ్డంగా కొట్టేశాడు. జీతానికి తప్ప ఇంకెందుకైనా నా సంతకం ఒకరు అడగడం ఇదే మొదలు. మూడు వంకరలతో నింపాదిగా పెట్టాను.

విడి కాగితం ఎందుకని అడగలేదు.

మార్చి 9, ఆదివారం

సెలవు. బట్టలు ఉతికాను. చేతులకు క్లోరిన్ వాసన పోదు. ఎండ బాగా ఉంది. ఎండే తాగుతోంది.

మార్చి 10, సోమవారం

బాబాయ్ కొత్త బ్రష్షు కొనిచ్చాడు, పొడుగు కర్రతో సహా. ఏడో ఇంటావిడతో "మా అన్న కూతురు, సైంటిస్టు" అంటున్నాడు. శుక్రవారం దాకా నేను మతిమరుపుదాన్ని.

ఎర్రపెన్ను సారు ఇంటికి ట్యాంకరు వచ్చింది. దొంగను చేతులారా పట్టుకుందామని పైకెక్కి మూత తీసి చూశాను. మూతి దాకా ఉన్నాయి నీళ్ళు.

"ఏం పాపా, గుక్కలు లెక్కపెడతావా?" అన్నాడు డ్రైవరు.

దిగాను. ఈ ఒక్కసారీ నిండా తెచ్చుంటాడు.

మార్చి 11, మంగళవారం

నాలుగో ఇంట్లో కూడా నిన్న మెట్టు మీద బకెట్ పెట్టి ఇవాళ చూశాను, ఊరికే. ఆ కొలనుకు వారానికి ఒక ట్యాంకరు కూడా పట్టదు. అక్కడ నీడ ఎక్కువ అని రాయబోయాను. అక్కడ ఒక్క చెట్టు లేదు.

మార్చి 12, బుధవారం

సారు ఇల్లు అమ్మేస్తున్నాడు. కొనేవాళ్ళు సోమవారం పదకొండింటికి చూడ్డానికి వస్తారు. "అద్దంలా ఉండాలి పూల్" అన్నాడు. "నీ కాగితం ఫైల్లో పెట్టాను. లీకు లేదని రాతలో ఉంటే కొనేవాడికి ధైర్యం."

అదీ విడి కాగితం.

రాయడానికి చెయ్యి రావట్లేదు. అయినా రాస్తాను. పని అయ్యాక అక్క పాపను చంకనేసుకుని వచ్చింది, ముఖమంతా నవ్వు.

"ఇల్లు అమ్ముడుపోయాక నాకేమైనా కొనిపెట్టాలి చెల్లీ నువ్వు. నీ పరువు నిలబెట్టింది నేను."

"నువ్వేం చేశావ్?"

"మొన్న శనివారం పొద్దున్నే లేచి చూద్దును కదా, నీళ్ళు టైలు గీతకు ఇంత కిందికి పోయాయి." రెండు వేళ్ళు చూపించింది. "నీ బకెట్లో చూస్తే ఒక్క వేలే దిగింది. రెండూ సమానంగా ఉంటేనే నువ్వు గట్టెక్కుతావని మీ బావ చెప్పాడుగా. ఆయనేమో గేటు దగ్గర గుర్రు. పైపు పెట్టి వదిలాను. బయట గీత గీశావు చూడు, దానికి వేలెడు కింద ఆపేశాను. మరీ నిండా పోస్తే అనుమానం వస్తుందని."

తిట్టాలని నోరు తెరిచాను. నా నోరు, ఇన్ని ఇళ్ళు పోగొట్టిన నోరు. ఆవిడ చూపించిన వేళ్ళకేసి చూశాను.

"ఏంటలా చూస్తావ్? తక్కువ పోశానా?"

ముట్టుకోవద్దని బావకు చెప్పాను. ఎందుకో విడమర్చి చెప్పలేదు. అక్కకైతే అదీ చెప్పలేదు. ఆవిడకేం తెలుస్తుందిలే అనుకున్నాను. సారు నా గురించి అనుకున్నట్టే.

మార్చి 13, గురువారం

బకెట్ మళ్ళీ పెట్టాను. ఎందుకో అక్కకు కూర్చోబెట్టి చెప్పాను. నీళ్ళు కొలనులోంచి పోతున్నాయి, పోయేది కిందికే, కింద ఉన్నది నీ గది అని. మొదట నవ్వింది. తర్వాత గోడ వైపు చూసింది.

"ఈసారి ముట్టుకున్నావో, చెయ్యి నరికేస్తా" అన్నాను.

"ఒకటి వదులు, పాపను ఎత్తుకోవాలి" అంది. ఈసారి నవ్వలేదు.

మార్చి 14, శుక్రవారం

బకెట్ వేలెడు. కొలను రెండు వేళ్ళు.

గదిలోకి వెళ్ళి వెనకగోడకు పైనుంచి కింది దాకా నూలుదారం బిగించి కట్టాను. గోడ నిటారుగా ఉంటే దారం ఆనుకోవాలి. నడుమెత్తున గోడే దారాన్ని ముందుకు తోస్తోంది. ఆ ఉబ్బుకు పైనా కిందా దారానికీ గోడకూ మధ్య నాలుగు వేళ్ళ సందు. గోడకు పొట్ట వచ్చింది. బొటనవేలితో నొక్కితే సున్నం పిండిముద్దలా దిగింది. నొక్కిన గుంటలో నీళ్ళు ఊరాయి.

ఊయల విప్పి గుమ్మం దగ్గర కట్టించాను. గది మొత్తం ఎనిమిది అడుగులు. గుమ్మం దగ్గరైతే ఏంటి.

బాబాయ్‌కి చెప్పాను. వ్యాను రోడ్డు పక్కకు ఆపి విన్నాడు, అంటే భయపడ్డాడు.

"ఎవరితోనైనా అన్నావా?"

"అక్కతో."

"ఇంకెవరితోనూ అనకు. ఇల్లు అమ్ముడుపోనీ. కొత్తవాడు చూసుకుంటాడు."

"అప్పటిదాకా గోడ ఆగుతుందని నీకెవరు చెప్పారు?"

"ఆ గదిలో ఉన్నవాళ్ళే నోరెత్తట్లేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా?"

"కంద ఊయల్లో పడుకుంది బాబాయ్. ఏడు నెలలు. నోరింకా రాలేదు."

 స్టీరింగు మీద వేళ్ళతో కొడుతూ మెల్లగా అన్నాడు: "తప్పు కాగితం రాసింది నువ్వు. లీకుందంటే ముందు ఊడేది నువ్వు. ఆ తర్వాత నేను. ఆ తర్వాతే గోడ."

మార్చి 15, శనివారం

సారుకు చెప్పేశాను. నా పరీక్ష తప్పిందని నా నోటితోనే చెప్పాను. అక్క సంగతి చెప్పలేదు, మధ్యలో నీళ్ళు పోశారని మాత్రం అన్నాను.

"నువ్వే పరీక్ష పెట్టావ్, నువ్వే సంతకం పెట్టావ్. ఇప్పుడెవరు మాట మార్చమన్నారు? కొనేవాడు పంపాడా బేరం తగ్గించడానికి?"

"గోడ చూడండి సార్. దారం కట్టి ఉంచాను. కిందికి ఇరవై మెట్లు."

"సోమవారం తర్వాత చూద్దాం."

"సోమవారం తర్వాత అది మీ గోడ కాదు."

ముఖం కందగడ్డ అయింది. అయినా అరవలేదు. మెత్తగా మాట్లాడాడు, అదే నాకు భయం వేసింది. రేపు ట్యాంకర్లు రెండొస్తాయట, నీలం టైలు గీత పైదాకా నింపాలట. కొనేవాళ్ళకు నా గురించి చెబుతాడట, పూల్‌తో పాటు పెద్ద తోట కూడా నా చేతికిప్పిస్తాడట, బాబాయ్ మధ్యలో లేకుండా నేరుగా నాకే నెలజీతం.

వెంటనే కాదన్నానని రాయబోయాను. ఇది ఎవరూ చదవరు కదా, ఇక్కడ కూడా అబద్ధమెందుకు? గేటు బయట పెట్టిన నా స్కూటరు దాకా నడిచినంతసేపూ ఆలోచించాను. బాబాయ్ లేకుండా, నేరుగా నాకే. స్కూటరు తాళం తిప్పాక కూడా ఆలోచించాను. అక్క గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపింది, ఏమన్నాడన్నట్టు. ఏమీ అనలేదన్నట్టు చెయ్యి ఊపాను.

మలుపు దాకా వెళ్ళి వెనక్కొచ్చాను.

"రెండు రోజులు మా ఇంట్లో ఉండండి" అన్నాను.

"గది ఖాళీ చేస్తే మళ్ళీ ఇస్తారా? కొనేవాడు వచ్చేసరికి గదిలో మేం కనిపిస్తేనే కదా మా పని నిలిచేది" అంది అక్క.

"పాపను ఇవ్వు నాకు."

"పాలెవరిస్తారు, నువ్వా?"

బావ నేల చూపులు చూస్తున్నాడు. చివరికి ఆయనే అన్నాడు, "సారు పొమ్మంటే పోతాం. సారు చేత చెప్పించు." కోపం వచ్చింది. దారంతా కోపంగానే ఉన్నాను. ఇంటికొచ్చాక అర్థమైంది. ఉన్న గదిని పట్టుకుని వేలాడేవాణ్ణి చెయ్యి వదలమని చెప్పడం తేలికే. వదిలితే ఎక్కడ నిలబడాలో చెప్పగలిగిన మనిషి ఆ ఇంట్లో ఒక్కడే.

మార్చి 16, ఆదివారం

ట్యాంకర్లు రెండూ వచ్చాయి. నేను నింపనన్నాను. డ్రైవరే పైపు వేసి నింపేశాడు. సారు పైనుంచి చూస్తూనే ఉన్నాడు. దారం మరో అర వేలు ముందుకొచ్చింది.

మూడు చిత్తులు చింపి ఈ ఉత్తరం రాశాను. ఒకటి సారు చేతికిచ్చాను. ఒకటి బాబాయ్ ఇంట్లో ఇచ్చాను. బాబాయ్ చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు, రేపట్నుంచి పనికి రావద్దని మాత్రం అనలేదు. మాటలు మర్చిపోకుండా ఇక్కడ దించుకుంటున్నాను.

"మార్చి 8న లీకు లేదని నేను రాసిచ్చిన కాగితం తప్పు. మీ కొలనుకు లీకుంది. పరీక్ష మధ్యలో కొలనులో నీళ్ళు పడ్డాయి, అది కనిపెట్టకుండా సంతకం పెట్టడం నా తప్పు. ఆ తప్పు నాదేనని ఎవరి ముందైనా చెబుతాను. తప్పని నిన్న శనివారం మీకు చెప్పాను. చెప్పాక కూడా ఆ కాగితాన్ని ఫైల్లో ఉంచి, ట్యాంకర్లు తెప్పించి నింపించడం మీ తప్పు.

గురువారం మళ్ళీ పరీక్ష పెట్టి శుక్రవారం చూశాను. బకెట్లో వేలెడు, కొలనులో రెండు వేళ్ళు. ఆ తేడా మీ వాచ్‌మన్ గది వెనకగోడలోకి పోతోంది. గోడ నాలుగున్నర వేళ్ళు ముందుకొచ్చింది. ఆ గదిలో ముగ్గురు పడుకుంటారు. ఒకరికి ఏడు నెలలు.

ఇల్లు అమ్ముకోండి, నాకు అడ్డం లేదు. కొనేవాళ్ళకు నీళ్ళు తక్కువ కనిపిస్తే మీకు నష్టమని తెలుసు. ఎంత నష్టమో మీకు తెలిసినంత నాకు తెలియదు. గోడ కూలితే ఎంతో ఇద్దరికీ తెలుసు.

నేనడిగేవి ఇవి. ఆ ముగ్గురినీ ఇవాళే మేడ మీది గదిలోకి మార్చండి, వాళ్ళ పని పోదని మీ నోటితో చెప్పండి. నీళ్ళు సగానికి దించనివ్వండి. మూడు గంటల పని, కూలి అక్కర్లేదు. నా కాగితం నాకు తిరిగివ్వండి.

రేపు సోమవారం పొద్దున ఎనిమిదికి మీ గేటు దగ్గర ఉంటాను. అప్పటికి జవాబు రాతలో కావాలి, కింద మీ సంతకంతో, తేదీతో. ఎనిమిది దాటితే మీకోసం ఆగను. పదకొండింటికి వచ్చేవాళ్ళను గేటు దగ్గరే ఆపి, కొలను దగ్గరికి కాదు, ముందు ఆ గదిలోకి తీసుకెళ్తాను."